ఒమేగా చాప్టర్‌లో చేరినవారి జీవితాలు ఎలా రాయాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. అట్లాంటాలో మీ పరిశోధనకు మార్గదర్శిగా ఉన్న నల్లజాతి ఆచార్యుడు ఇటీవల కన్నుమూశారు. ఆయన ఆల్ఫా ఫై ఆల్ఫా అనే సోదర సంఘంలో కాలేజీ రోజుల నుంచీ సభ్యుడు. ఆ సంఘం స్థానిక చాప్టర్ (శాఖ) వారు ఇప్పటివరకు తమలో కాలం చేసిన వారందరి జీవితాలతో ఒక స్మారక పుస్తకం వేస్తున్నారు. ఆయన శిష్యులు కదా అని మిమ్మల్నీ చేయి వేయమన్నారు. "ఆయన ఒమేగా చాప్టర్‌లో చేరారు" అని వాళ్ల ఉత్తరంలో ఉన్న మాట మీకు బోధపడలేదు. బయటివాడిగా ఏం రాయవచ్చు, ఏం రాయకూడదు, వివరాలు ఎక్కడ దొరుకుతాయి అని అడిగారు.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో గ్రంథాలయాల స్థానిక చరిత్ర విభాగాల్లోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. నల్లజాతి కుటుంబాలు తెచ్చి ఇచ్చే అంత్యక్రియల పుస్తికలు, సంఘాల పత్రికలు, ఫొటోలు వరుసపెట్టి భద్రపరచడం నా పని. ఇలాంటి స్మారక సంచికలు కొన్నిటికి సాయపడ్డాను. ఈ పని మీద నాకున్న మమకారం కొద్దీ సమాధానం కాస్త పొడవుగానే వస్తుంది, ఓపికగా చదవండి.

ముందు ఆ ఉత్తరంలోని మాట. గ్రీకు అక్షరాల పేర్లున్న ఈ సంఘాల్లో స్థానిక శాఖలకు కూడా గ్రీకు అక్షరాలే పేర్లుగా పెడతారు. ఆల్ఫా ఫై ఆల్ఫా మొదటి శాఖ కోర్నెల్ విశ్వవిద్యాలయంలో పుట్టింది, దాని పేరు ఆల్ఫా చాప్టర్. బోస్టన్ శాఖ సిగ్మా చాప్టర్. అక్షరమాలలో చివరిదైన ఒమేగాను మాత్రం బతికున్నవారి శాఖ దేనికీ పెట్టలేదు. సభ్యుడు కన్నుమూస్తే ఆయన ఒమేగా చాప్టర్‌కు మారినట్టు లెక్క. కప్పా ఆల్ఫా సై అనే మరో సోదర సంఘం వారు దాన్నే చాప్టర్ ఇన్విజిబుల్ (కనిపించని శాఖ) అంటారు. సభ్యత్వం చావుతో రద్దు కాదు, ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు బదిలీ అవుతుంది. కాబట్టి మీ పుస్తకంలో "మాజీ సభ్యుడు" అనే మాట ఎక్కడా పడనీయకండి. చాప్టర్ పెద్దల మనసుకు అది ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే ఆ సంఘాలు పుట్టిన పరిస్థితి అలాంటిది. న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా అనే చిన్న ఊళ్లో ఉంది కోర్నెల్. 1904-05లో అక్కడ చదివిన నల్లజాతి విద్యార్థుల్లో ఆరుగురు మరుసటి ఏడాది తిరిగి రాలేదు. మిగిలినవారు ఒకరికొకరు ఆసరాగా ఉందామని మొదట ఒక అధ్యయన బృందంగా కలిశారు. అదే 1906 డిసెంబర్ 4న ఆల్ఫా ఫై ఆల్ఫా అయింది. 1911 జనవరి 5న ఇండియానా విశ్వవిద్యాలయంలో కప్పా ఆల్ఫా సై, అదే ఏడాది నవంబర్ 17న వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఒమేగా సై ఫై, 1914 జనవరి 9న అక్కడే ఫై బీటా సిగ్మా, 1963 సెప్టెంబర్ 19న బాల్టిమోర్‌లోని మోర్గాన్ స్టేట్‌లో అయోటా ఫై థీటా ఏర్పడ్డాయి. నాలుగు మహిళా సంఘాలతో కలిపి ఈ తొమ్మిదింటినీ డివైన్ నైన్ అని పిలుస్తారు. మనవాళ్లు చాలామంది వీటిని కాలేజీ కుర్రాళ్ల క్లబ్బులనుకుంటారు. అసలు బలం కాలేజీ అయిపోయాకే కనిపిస్తుంది. చాలా పట్టణాల్లో పట్టభద్రుల చాప్టర్లు ఉంటాయి, వాటిలో జీవితాంతం కొనసాగుతారు. హోటళ్లలో గది దొరకని రోజుల్లో, తెల్లవారి ఆసుపత్రులు ఉద్యోగం ఇవ్వని రోజుల్లో, కొత్త ఊరికి వచ్చిన నల్లజాతి డాక్టరుకు తలదాచుకునే చోటు, మొదటి రోగులు, ఆపదలో ఒక వకీలు, చివరికి శవపేటిక మోసే భుజాలు కూడా ఆ చాప్టర్ నుంచే వచ్చేవి.

ఆల్ఫా వారు తమ ఏడుగురు స్థాపకులను రత్నాలని పిలుచుకుంటారు. మీ పుస్తకానికి నమూనాగా ఆ ఏడు జీవితాలనూ ముందు చదవండి. వర్ట్‌నర్ టాండీ న్యూయార్క్ రాష్ట్రంలో లైసెన్సు పొందిన మొదటి నల్లజాతి వాస్తుశిల్పి. హార్లెమ్‌లోని సెయింట్ ఫిలిప్స్ చర్చి నిర్మాణంలోనూ, కేశ సౌందర్య వ్యాపారంలో ధనవంతురాలైన మేడమ్ సి. జె. వాకర్ భవనంలోనూ ఆయన చేయి ఉంది. జార్జ్ కెల్లీ సివిల్ ఇంజినీరు. యూజీన్ కింకిల్ జోన్స్ నల్లజాతి వారి ఉపాధి, హక్కుల కోసం పనిచేసే నేషనల్ అర్బన్ లీగ్‌ను రెండు దశాబ్దాలకు పైగా నడిపించారు. నథానియల్ మర్రీ వాషింగ్టన్ బడుల్లో పాఠాలు చెప్పారు. రాబర్ట్ ఓగిల్ అమెరికా సెనేట్‌లో ఒక కమిటీ సిబ్బందిగా పనిచేశారు. ఫ్లోరిడాలో వ్యవసాయ శాస్త్రం బోధించిన చార్లెస్ చాప్‌మన్ అందరికంటే ముందు, 1934లో పోయారు. వైద్యుడైన హెన్రీ కాలిస్ అందరికంటే చివర, 1974లో. మొదటి మరణానికీ చివరి మరణానికీ మధ్య నలభై ఏళ్లు. ఆ నలభై ఏళ్లూ మిగిలినవారు పోయినవారి గురించి రాస్తూ, చెబుతూ, పేర్లు చదువుతూ వచ్చారు కాబట్టే ఇవాళ ఏడుగురిలో ఎవరు ఏం చేశారో మనం ఇంత తేలిగ్గా చెప్పగలుగుతున్నాం.

అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. ఫై బీటా సిగ్మా ముగ్గురు స్థాపకుల్లో చార్లెస్ బ్రౌన్ ఒకరు. ఆయన చివరి దశ ఎలా గడిచిందో దశాబ్దాలపాటు ఆ సంఘానికే తెలియకుండా పోయింది. స్థాపకుడి విషయంలోనే ఇలా జరిగితే, ఏ ఊళ్లోనో కోశాధికారిగా పనిచేసి పోయిన మామూలు సభ్యుడి మాట చెప్పనక్కర్లేదు. మీ చాప్టర్ వారు ఈ పుస్తకం తలపెట్టడం ఎంత మంచి పనో అందుకే చెబుతున్నాను.

ఇక్కడ ఒక చరిత్ర సంగతి గుర్తుంచుకోవాలి. చాలాకాలం దక్షిణాదిలో తెల్లవారి దినపత్రికలు నల్లజాతి వారి మరణవార్తలు వేసేవి కావు. వేసినా వేరే మూలలో, పేరుకు ముందు గౌరవవాచకం లేకుండా వేసేవి. ఆ లోటు తీర్చినవి మూడు: చికాగో డిఫెండర్, పిట్స్‌బర్గ్ కొరియర్, అట్లాంటా డైలీ వరల్డ్ వంటి నల్లజాతి పత్రికలు, సంఘాల సొంత పత్రికలు, చర్చిలో పంచే అంత్యక్రియల పుస్తికలు. మూడిట్లోనూ నాకు పుస్తికలంటే ప్రాణం.

నా చేతుల మీదుగా భాండాగారంలోకి వెళ్లిన ఒక పుస్తిక గురించి చెబుతాను, మీకు ఏం వెతకాలో తెలుస్తుంది. జార్జియాలోని ఒక పల్లె బడి ప్రధానోపాధ్యాయుడిది, 1960ల నాటిది. ఎనిమిది పేజీలు. ముఖచిత్రం మీద కోడిగుడ్డు ఆకారపు చట్రంలో సూటు వేసుకున్న ఆయన ఫొటో, దాని కింద పుట్టిన తేదీకి సూర్యోదయమని, పోయిన తేదీకి సూర్యాస్తమయమని రాసి ఉంది. లోపల ఎడమ పేజీలో కార్యక్రమ వరుస: ఎవరు ప్రార్థన చేస్తారు, ఎవరు పాడతారు, ఏ సంస్థ తీర్మానం ఎవరు చదువుతారు, ఎవరికి రెండు నిమిషాలు. కుడి పేజీలో జీవిత కథ: ఒకే గది ఉన్న బడిలో మొదలుపెట్టారు, బడి బస్సు కోసం ఊళ్లో చందాలు వసూలు చేశారు, వేసవి సెలవుల్లో వెళ్లి చదివి పై డిగ్రీ పూర్తి చేశారు. ఆ తర్వాత భార్య, పిల్లలు, తోబుట్టువులు, వారెక్కడ ఉంటారో ఊళ్ల పేర్లతో సహా. శవపేటిక మోసేవారి జాబితాలో ఆరుగురి పేర్లు, పక్కనే "ఆల్ఫా సోదరులు" అని. వెనక అట్ట మీద ఎవరో పెన్సిలుతో రాసుకున్నారు: కోడి వేపుడు ఎవరు తెచ్చారు, చిలగడదుంపల పై అనే తీపి వంటకం ఎవరు తెచ్చారు, గిన్నెలు ఎవరికి తిరిగివ్వాలి. ఆ పెన్సిలు రాత వల్ల ఆ ఊళ్లో ఆనాడు ఉన్న కుటుంబాల పేర్లు కొన్ని మాకు మొదటిసారి తెలిశాయి. కుటుంబాల దగ్గర ఇలాంటివి అడిగినప్పుడు ముందూ వెనకా రెండు వైపులా స్కాన్ చేయించండి. జార్జియా డిజిటల్ లైబ్రరీలో ఇలాంటి పుస్తికల పెద్ద సేకరణ ఉచితంగా చూడవచ్చు.

సంఘం జరిపే వీడ్కోలు సభ విషయానికి వస్తాను. నల్లజాతి వారు అంత్యక్రియలను హోమ్‌గోయింగ్ అంటారు. దానికి ముందు రోజు సాయంత్రమో, చర్చి కార్యక్రమం మొదలయ్యే ముందో సోదరులు ఒమేగా సర్వీస్ జరుపుతారు. ముదురు రంగు సూట్లు, తెల్ల చేతి తొడుగులు, కోటుకు పువ్వు. వరుసగా వచ్చి పేటిక చుట్టూ నిలబడతారు. ఒకరు ఆయన సంఘంలో చేసిన సేవ చదువుతారు, అందరూ సంఘ గీతం పాడతారు. ఆ సంఘంలో లేని కుటుంబ సభ్యులు కూడా అక్కడే కూర్చుని చూస్తారు. సంఘాన్ని బట్టి, ఊరిని బట్టి పద్ధతి మారుతుంది. మహిళా సంఘాలకూ ఇలాంటివి ఉన్నాయి: డెల్టా సిగ్మా థీటా వారిది ఒమేగా ఒమేగా, ఆల్ఫా కప్పా ఆల్ఫా వారిది ఐవీ బియాండ్ ద వాల్. ఒమేగా సై ఫై వారైతే ప్రతి చాప్టర్ ఏటా మార్చిలో కాలం చేసిన సభ్యుల కోసం స్మారక సభ జరపాలని నియమమే పెట్టుకున్నారు. మీరు ఈ సభల్ని చూడవచ్చు, చూసిన అనుభూతిని రాయవచ్చు. అక్కడ చదివే వాక్యాలను మాత్రం పుస్తకంలో అచ్చు వేయకండి, అనుమతి లేకుండా వీడియో తీయకండి. అది వారి సొంత క్రతువు. అలాగే సభకు వెళ్లేటప్పుడు సంఘం అక్షరాలున్న దుస్తులు, బ్యాడ్జీలు అభిమానంతో కూడా ధరించకండి. అవి సభ్యులకు మాత్రమే.

ఇప్పుడు అసలు రాత గురించి. మీ పుస్తకం మొత్తానికి నేను చెప్పదలిచింది ఒక్కటే: ప్రేమ ఉన్నచోటే నిజం మరింత జాగ్రత్తగా పట్టుకోవాలి. దీనికి డాక్టర్ చార్లెస్ డ్రూ చావు కథ కంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

డ్రూ ఒమేగా సై ఫై సభ్యుడు, ఆ సంఘ గీతం రాయడంలో భాగం ఉన్నవాడు. రక్తంలోని ప్లాస్మాను వేరుచేసి పెద్ద ఎత్తున నిల్వచేసే విధానానికి రూపమిచ్చిన శస్త్రవైద్యుడు. 1940లో యుద్ధంలో ఉన్న బ్రిటన్‌కు అమెరికా నుంచి ప్లాస్మా పంపిన కార్యక్రమానికి వైద్య పర్యవేక్షకుడు. హోవర్డ్‌లో ఒక తరం నల్లజాతి సర్జన్లను తయారుచేశాడు. 1950 ఏప్రిల్ 1 తెల్లవారాక, అలబామాలోని టస్కెగీలో ఏటా జరిగే ఉచిత వైద్య శిబిరానికి మరో ముగ్గురు నల్లజాతి డాక్టర్లతో కారులో వెళ్తుండగా నార్త్ కరోలైనాలో ప్రమాదం జరిగింది. రాత్రంతా ప్రయాణం, కారు నడుపుతున్న డ్రూకు కునుకు పట్టింది. అప్పుడాయనకు 45 ఏళ్లు. దగ్గరలోని బర్లింగ్టన్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. తెల్లజాతి డాక్టర్లు శాయశక్తులా ప్రయత్నించారు, గాయాలు ప్రాణాంతకమైనవి, దక్కలేదు. కారులో ఉన్న తోటి డాక్టర్లే ఈ సంగతి తర్వాత సాక్ష్యంగా చెప్పారు.

కానీ జనంలో పాకిన కథ వేరు. నల్లవాడని ఆసుపత్రి వారు చేర్చుకోలేదని, రక్తనిధి కనిపెట్టినవాడే రక్తం ఎక్కించక చనిపోయాడని. ఉపన్యాసాల్లో, వ్యాసాల్లో, స్మారక సభల్లో దశాబ్దాలపాటు ఇదే చెప్పారు, ఇప్పటికీ చెబుతున్నారు. చెప్పేవారి దురుద్దేశం ఏమీ లేదు. అలాంటి అన్యాయాలు నిజంగా జరిగేవి కాబట్టే అందరూ నమ్మారు. అదే 1950 డిసెంబర్‌లో, అదే ప్రాంతంలో, సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక నల్లజాతి విద్యార్థి కారు ప్రమాదంలో తలకు గాయమై బర్లింగ్టన్ ఆసుపత్రికి వచ్చాడు. అక్కడి నుంచి పెద్ద ఆసుపత్రికి పంపితే, నల్లవారికి కేటాయించిన పడకలు ఖాళీ లేవని చేర్చుకోలేదు. ఇంకో ఆసుపత్రికి చేరిన కొద్దిసేపటికే ప్రాణం పోయింది. నిజంగా తలుపులు మూసింది ఆ కుర్రాడికి. డ్రూ పేరు మీద కథ పెరిగే కొద్దీ ఆ కుర్రాడి చావు ఎవరికీ పట్టకుండా పోయింది. ఒకరి గౌరవం కోసం కల్పించిన మాట ఇంకొకరి జీవితాన్ని కప్పేసింది. పైగా డ్రూ జీవితంలో జాతివివక్ష గురించి చెప్పడానికి కల్పన అవసరమే లేదు: నల్లవారి రక్తాన్ని తెల్లవారి రక్తంతో కలపకుండా వేరుగా ఉంచిన ఆనాటి పద్ధతికి శాస్త్రీయ ఆధారమేదీ లేదని ఆయన బాహాటంగా విమర్శించాడు. ఇదీ రాయాల్సిన విషయం.

మీ చాప్టర్ పుస్తకంలో కూడా ఇలాంటి కథలు వస్తాయి. "మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి నడిచారు", "ఈ జిల్లాలో మొదటి నల్లజాతి ఇంజినీరు" అని కుటుంబ సభ్యులు ఎంతో నమ్మకంగా చెబుతారు. కొన్ని అక్షరాలా నిజం, కొన్ని నోటి మాటగా పెరిగినవి. కాగితం దొరికితే నేరుగా రాయండి. దొరకకపోతే "కుటుంబం చెప్పుకునే మాట ప్రకారం" అని రాయండి. అబద్ధమని తేలితే ఆ ఇంటివారితో ముందే కూర్చుని మాట్లాడి, దాని స్థానంలో రుజువున్న మంచి విషయం చూపించండి. అలాంటిది ప్రతి జీవితంలోనూ ఉంటుంది, వెతకాలి.

కింగ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. కింగ్ కూడా ఆల్ఫా సభ్యుడే. 1952లో, బోస్టన్‌లో చదువుతున్నప్పుడు సిగ్మా చాప్టర్‌లో చేరారు. వాషింగ్టన్‌లో ఆయనకు స్మారకం కట్టాలన్న ప్రతిపాదన 1984లో ఆల్ఫా ఫై ఆల్ఫా సభ్యుల నుంచే వచ్చింది. 1996లో చట్టసభ అనుమతి వచ్చింది, విరాళాలు పోగుచేయడానికి ఏళ్లు పట్టింది, 2011 ఆగస్టులో ప్రజలకు తెరిచారు, అక్టోబర్ 16న అంకితం చేశారు. ఒక సంఘం తన సభ్యుడిని ఇంత భారీగా గుర్తుచేసుకున్న సందర్భం మరొకటి లేదనుకుంటాను. అయినా ఒక పొరపాటు దొర్లింది. 1968 ఫిబ్రవరి 4న అట్లాంటాలోని ఎబినేజర్ చర్చిలో కింగ్ తన అంత్యక్రియల్లో ఎలా మాట్లాడాలో తానే చెప్పారు: నోబెల్ బహుమతి సంగతి ఎత్తవద్దు, వందలకొద్దీ అవార్డుల సంగతి ఎత్తవద్దు, ఇతరుల సేవలో బతకడానికి ప్రయత్నించానని, ఆకలిగొన్నవారికి తిండి పెట్టడానికి ప్రయత్నించానని చెప్పండి అన్నారు. నన్ను ముందు నడిచే వాద్యబృంద నాయకుడని అనదలిస్తే న్యాయం కోసం, శాంతి కోసం అలా నడిచానని అనండి అన్నారు. స్మారకం మీద చెక్కేటప్పుడు "అనదలిస్తే" అన్న ముక్క తీసేసి, తానే ఆ నాయకుణ్ణి అన్నట్టు కుదించారు. వినయంతో అన్న మాట గొప్పలు చెప్పుకున్నట్టు తయారైంది. కవయిత్రి మాయా ఏంజెలో సహా చాలామంది అభ్యంతరం చెప్పారు. 2013లో ఆ వాక్యాన్ని రాయి మీద నుంచి చెక్కి తీసేశారు. రాతి మీది వాక్యాన్నే తొలగించాల్సి వచ్చిందంటే, కాలం చేసినవారి మాటల్ని కొటేషన్లో పెట్టేటప్పుడు మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి. స్థలం చాలకపోతే మొత్తం వాక్యం వదిలేయండి, సగం చేసి వేయకండి.

ఆ ఫిబ్రవరి ప్రసంగం టేపును రెండు నెలలకే ఏప్రిల్ 9న ఆయన అంత్యక్రియల్లో వినిపించారు. అదే రోజు మోర్‌హౌస్ కాలేజీ ఆవరణలో శ్రద్ధాంజలి ప్రసంగం చేసింది బెంజమిన్ మేస్. మేస్ ఒమేగా సై ఫై సభ్యుడు, కింగ్ చదివిన ఆ కాలేజీకి అంతకుముందు అధ్యక్షుడు. ఇద్దరిలో ఎవరు ముందు పోతే రెండోవారు మాట్లాడాలని వారి మధ్య ఒప్పందం ఉండేది. గురువే శిష్యుడి గురించి మాట్లాడాల్సి వచ్చింది. ఈ మేస్ 1936 చివర్లో వార్ధా వెళ్లి గాంధీజీతో అహింస గురించి సంభాషించినవారు. మీరు భారతీయులు కాబట్టి చాప్టర్ పెద్దలు ఈ ముచ్చట తప్పకుండా ఎత్తుతారు. సంఘాల మధ్య పోటీలు, సరదా ఎగతాళులు ఎన్ని ఉన్నా, చావు దగ్గర ఒక సంఘం వారు ఇంకో సంఘం వారికి నిలబడటం అక్కడ మామూలు. మీ పుస్తకంలో ఇతర సంఘాల మిత్రుల జ్ఞాపకాలకూ చోటివ్వమని సూచించండి.

ఇక పేరున్నవారి గురించి నాకు పెద్దగా బెంగ లేదు. వారిని చరిత్ర చూసుకుంటుంది. ఏ చాప్టర్‌లోనైనా ఎక్కువమంది బడి పంతుళ్లు, తపాలా ఉద్యోగులు, దంతవైద్యులు, బీమా ఏజెంట్లు, పాస్టర్లు. తపాలా శాఖ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. డిగ్రీలున్న నల్లజాతి యువకులకు వేరే ఉద్యోగం దొరకక ఉత్తరాలు పంచిన రోజులవి. "తపాలా గుమాస్తా" అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. ఏం చదివారు, ఏ ఉద్యోగం ఆశించారు, ఎందుకు రాలేదు, ఆ జీతంతో ఎవరెవరిని చదివించారు అని అడగండి. మీరు రాయబోయే పేజీల్లో అత్యంత విలువైనవి ఇవే అవుతాయి. భార్య పేరు రాసేటప్పుడు పుట్టింటి ఇంటిపేరు కూడా రాయండి. "శ్రీమతి ఫలానా" అని వదిలేస్తే రేపు వంశవృక్షం వెతుక్కునే మనవరాలికి దారి మూసుకుపోతుంది.

సంఘంలో ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో కలిసి చేరారు అనేది తప్పనిసరి. కలిసి చేరినవారిని లైన్ బ్రదర్స్ అంటారు. ఆ బంధం తోడబుట్టిన బంధానికి తక్కువేమీ కాదు, చివరి రోజుల్లో ఆసుపత్రిలో పక్కన ఉన్నది చాలాసార్లు వాళ్లే. మీ ఆచార్యుడి లైన్‌లో ఇంకా ఎవరైనా జీవించి ఉంటే ముందు ఆయన్నే కలవండి. మిగతా పరిశోధన తర్వాతైనా చేసుకోవచ్చు, ఆ వయసువారితో సంభాషణ వాయిదా వేయడానికి వీల్లేదు.

కష్టమైన విషయాలు కూడా ఎదురవుతాయి. మరణకారణం కుటుంబం చెప్పమంటేనే రాయండి. విడాకులు, రెండో కుటుంబాలు ఉన్నచోట పిల్లలందరి పేర్లూ ఉండాలి. ఎవరినో వదిలేయమని అడిగితే చాప్టర్ అధ్యక్షుడికి చెప్పండి, ఆ తగవు మీరు మోయకండి. ఇంకొకటి, అందరూ మాట్లాడటానికి ఇబ్బందిపడేది: చేరే దశలో వేధింపుల వల్ల ప్రాణాలు పోయిన కుర్రాళ్లు. 1989లో అట్లాంటాలోనే అలాంటి మరణం జరిగింది. ఆ తర్వాత 1990లో ఈ సంఘాల్లో దాదాపు అన్నీ పాత ప్లెడ్జింగ్ పద్ధతిని, అంటే సభ్యత్వం ఇచ్చే ముందు కొత్తవారిని పరీక్షకు పెట్టే దశను, అధికారికంగా రద్దు చేసుకున్నాయి. ఆ కుర్రాళ్లు సభ్యులు కాకుండానే పోయారు కాబట్టి ఏ ఒమేగా జాబితాలోనూ వారి పేరు ఉండదు. మీ చాప్టర్ చరిత్రలో అలాంటిది ఉంటే దాన్ని విడిచిపెట్టి పుస్తకం వేయడం నాకు సమ్మతం కాదు. పేరు వేయాలా వద్దా అన్నది ఆ తల్లిదండ్రుల ఇష్టం. జరిగిందన్న మాట మాత్రం చాప్టర్ చరిత్రలో ఉండాలి. బయటివాడిగా మీరు ఈ మాట అనలేకపోవచ్చు. సంపాదక వర్గంలోని ఒక పెద్ద సభ్యుడితో విడిగా ప్రస్తావించండి.

వివరాలు దొరికే చోట్లు. ఆల్ఫా వారి పత్రిక స్ఫింక్స్ 1914 నుంచి వస్తోంది. ఒమేగా చాప్టర్ శీర్షిక కింద కాలం చేసినవారి వివరాలు వేస్తారు. పాత సంచికలు చాలావరకు కంప్యూటర్‌లోనే చదవవచ్చు. కాలేజీ వార్షిక సంచికల్లో యవ్వనంలోని ఫొటో దొరుకుతుంది. పాత పట్టణ డైరెక్టరీల్లో వృత్తి, ఇంటి చిరునామా ఉంటాయి. దక్షిణాది డైరెక్టరీల్లో నల్లవారి పేరు పక్కన ఆ సంగతి తెలిపే గుర్తు ఉంటుంది, దాన్ని చూసి కంగారుపడకండి. జనగణన పత్రాలు 72 ఏళ్లకు గానీ తెరవరు, 1950 నాటివి 2022లో తెరిచారు. కాబట్టి మీ ఆచార్యుడి తల్లిదండ్రుల ఇల్లు, వారి పని, పిల్లాడిగా ఆయన వయసు అందులో చూడవచ్చు. సైన్యంలో పనిచేసినవారికి నమోదు కార్డులు ఉంటాయి. అట్లాంటాలోనే ఆబర్న్ అవెన్యూ పరిశోధన గ్రంథాలయం ఉంది, నల్లజాతి చరిత్రకే అంకితమైనది. అక్కడి సిబ్బందిని కలిసి పని చెప్పండి, సంతోషంగా సాయం చేస్తారు. సౌత్‌వ్యూ శ్మశానవాటికకు కూడా ఒకసారి వెళ్లండి. 1886లో నల్లజాతి పౌరులే స్థాపించుకున్నది. కింగ్‌ను మొదట అక్కడే ఖననం చేశారు. ఫై బీటా సిగ్మా సభ్యుడైన పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్ సమాధి అక్కడే ఉంది. చాలా సమాధి ఫలకాల మీద సంఘం చిహ్నం చెక్కి ఉంటుంది, తేదీలు సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

మీ ఆచార్యుడి పేజీ మీరే రాస్తానంటే ఒప్పుకుంటారు. అక్కడ మీ గురించి తక్కువ, ఆయన ప్రయోగశాలలో ఎలా మసిలేవారో ఎక్కువ రాయండి. పొరపాటు చేసిన విద్యార్థితో ఏమనేవారు, చిత్తుప్రతి మీద ఏ రంగు సిరాతో దిద్దేవారు, డబ్బులేక చదువు మానేయబోయిన పిల్లల కోసం ఎవరికి ఫోన్ చేసేవారు, ఇవి మీకు తప్ప చాప్టర్ వారికి తెలియవు. సోదర భావాన్ని మీ వాక్యాల్లో అరువు తెచ్చుకోకండి. శిష్యుడిగా రాస్తే చాలు. సభలో మాట్లాడమంటే రెండు నిమిషాలంటే రెండే. అక్కడ కార్యక్రమం నడిపేవారు ఆ విషయంలో చాలా ఖచ్చితంగా ఉంటారు, అది కుటుంబం మీద గౌరవం కొద్దీ. ముందు వితంతువును, తర్వాత పాస్టరును, తర్వాత సోదరులను సంబోధించి విషయంలోకి వెళ్లండి. ఆయన్ను మీరు బతికున్నప్పుడు డాక్టర్ అని పిలిచినట్టే ఇప్పుడూ డాక్టర్ అనే అనండి. ఆ తరం వారు ఆ బిరుదు కోసం ఏం భరించారో ఆ గదిలో అందరికీ తెలుసు.

అచ్చుకు వెళ్లే ముందు ఒక్కో పేజీనీ ఆయా కుటుంబానికి పంపి పేర్ల అక్షరక్రమం, తేదీలు వారిచేత సరిచూపించండి. పెద్దవయసు వారికి ఈమెయిల్ వద్దు, పెద్ద అక్షరాలతో కాగితం మీద, తిరుగు కవరుతో పంపండి. కనీసం మూడు వారాల గడువివ్వండి. చివర్లో పేర్ల సూచిక తప్పకుండా పెట్టించండి, స్కాన్ చేసిన అసలు పత్రాల ప్రతులను పుస్తకంతో పాటు గ్రంథాలయానికి ఇప్పించండి. చిత్తుప్రతి సిద్ధమయ్యాక మీ ఆచార్యుడి పేజీ ఇక్కడ పెడితే చూసి చెబుతాను.